వీపెక్కిన పసివాడు

జీవనోపాధికై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను విడిచి దూరదేశాలకు వెళ్ళిన తండ్రులు ఎందరో! వారు సెలవుపై వచ్చిన నాడు రెండేళ్ళ బిడ్డ తల్లి కొంగు చాటున దాగుతాడు. ఫోన్‌లో ‘అబ్బా’ అని కేరింతలు కొట్టినవాడే, ఎదుట నిలిచిన తండ్రిని ఎరుగడు. నాలుగు రోజులు గడిచాక, ఇంట్లో నమాజు చేస్తున్న తండ్రి సజ్దాలో ఉండగా వీపెక్కుతాడు. వెంటనే నానమ్మ పరుగున వచ్చి లాగివేస్తుంది. అమ్మా, లాగకండి. దైవప్రవక్త (స) తమ కుమార్తె జైనబ్ (రజి) బిడ్డ ఉమామాను ఎత్తుకొనే ప్రజలకు నమాజు చేయించారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మరల ఎత్తుకునేవారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తెలిపిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. సెలవు ఉన్నన్నాళ్ళూ బిడ్డకు పెరుగన్నం తినిపించే పని కూడా తండ్రికే విడిచిపెట్టండి, సగం ముద్దలు నేలపాలైనా సరే.