సూదిని తిట్టేవాళ్ళకి మా జవాబు

అన్నలూ, తమ్ముళ్ళూ, "ఇన్సులిన్ మొదలెడితే ఇంక అంతే, కిడ్నీలు పోతాయి" అనే వీడియో మళ్ళీ మన గ్రూపుల్లో తిరుగుతోంది. అది చూసి సూది మానేసినోళ్ళు ఈ కాలిఫోర్నియా డబ్లిన్‌లో మన మధ్యే ఉన్నారు. వీడియో పెట్టినాయనకి లైకులు, అరికాళ్ళ మంటలు మనకి.

తిన్న అన్నం చక్కెరై రక్తంలోకొస్తే దాన్ని కండల్లోకి పంపేది ఇన్సులిన్. రాత్రి లివర్ చక్కెర ఎక్కువ వదలకుండా ఆపేదీ అదే. ఆ ఆపడం సరిగ్గా జరగకే, ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ 180 ఉంటుంది. పొట్ట పెరిగేకొద్దీ ఒళ్ళు ఇన్సులిన్ మాట వినదు. ప్యాంక్రియాస్ ఏళ్ళ తరబడి ఎక్కువెక్కువ తయారుచేసి అలిసిపోతుంది. అప్పుడు బయట నుంచి ఇస్తారు. కిడ్నీని తినేది ఏళ్ళకేళ్ళు దిగని షుగరూ, బీపీ. స్లాబు పగిలాక జాకీ పెట్టి, జాకీ వల్లే పగిలింది అంటే ఒప్పుకుంటామా?

బరువు తగ్గాక డాక్టరే సూది ఆపించిన టైప్ 2 వాళ్ళు ఉన్నారు. అది వేరు, వీడియో చూసి మానడం వేరు. టైప్ 1 వాళ్ళు మానేస్తే రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

"కష్టం చేసేవాడికి షుగరేంటి" అనేవాళ్ళూ ఉన్నారు. కండ కదిలితే ఇన్సులిన్ తక్కువున్నా చక్కెర లాక్కుంటుంది, నిజమే. అందుకే కాంక్రీటు పోసే రోజు అదే డోసు వేసుకుని లంచ్ లేటు చేస్తే షుగర్ 70 కిందకి పడిపోతుంది. చెమటలు, వణుకు, అదీ నిచ్చెన మీద! జేబులో గ్లూకోజ్ బిళ్ళలుండాలి. బరువు పని రోజుల్లో డోసెంతో డాక్టర్నే అడగాలి. పెన్ను ఎండలో ట్రక్కులో వదిలితే మందు పాడైపోతుంది.

ఇక రేటు. 1923లో ఇన్సులిన్ పేటెంటుని కనిపెట్టినవాళ్ళు టొరంటో యూనివర్సిటీకి తలా ఒక్క డాలరుకి ఇచ్చేశారు. అదే ఇన్సులిన్ కొత్త రకాలు ఈ దేశంలో ఒక దశలో వయల్ 270 డాలర్లు దాటాయి. దాంతో సగం డోసుతో సరిపెట్టుకున్నవాళ్ళెందరో. తిట్టాలంటే ఆ రేటుని తిట్టండి, మేమూ గొంతు కలుపుతాం. 2026 జనవరి 1 నుంచి మన రాష్ట్రమే కాల్‌ఆర్ఎక్స్ పేరుతో గ్లార్జిన్ పెన్నులు తెచ్చింది, ఐదింటి ప్యాకెట్ 55 డాలర్లు. డాక్టరుకీ ఫార్మసీకీ ఆ పేరు చెప్పి అడగండి.

ఆ వీడియో ఫార్వర్డ్ చేసేవాళ్ళని ఇకనుంచి గ్రూపులోనే అడుగుతాం: సూది మానాక మీ హెచ్‌బీఏ1సీ ఎంతుంది? రిపోర్టు పెట్టండి.