మెడ ఆరని ఉల్లి

తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్లో కర్నూలు ఉల్లీ దిగుతుంది, మహారాష్ట్ర ఉల్లీ దిగుతుంది. ధరలో తేడా ఎందుకని అడిగితే, "అది నిలవుంటుంది, ఇది ఉండదు" అంటారు. మాట అబద్ధం కాదు. అయితే తప్పు రకానిదా, కాలానిదా అన్నది అంతటితో తేలదు.

కుళ్ళు పట్టిన పాయ పైకి బాగానే కనిపిస్తుంది. మెడ దగ్గర బొటనవేలితో నొక్కితే మాత్రం లోపలి పొర నీరుగారి జారిపోతుంది, కంపు గుప్పుమంటుంది. బంగాళాదుంపను మెత్తగా కుళ్ళబెట్టే పెక్టోబాక్టీరియమే చాలాసార్లు ఇక్కడా దోషి. కణాలను అతికిపెట్టే పెక్టిన్‌ను అది కరిగించేస్తుంది. దానికి కావలసింది తడి, లోపలికో దారి. ఉల్లిలో ఆ దారి ఆరని మెడ, లేదా తవ్వేటప్పుడో బస్తా విసిరినప్పుడో తగిలిన దెబ్బ.

రకానిదే పెద్ద పాత్ర అనేవారి దగ్గర గట్టి ఆధారమే ఉంది. రాజ్‌గురునగర్ ఉల్లి పరిశోధన కేంద్రం ఇచ్చిన భీమా కిరణ్ లాంటి రబీ రకం, గాలి ఆడేచోట 5, 6 నెలలు ఆగుతుంది. ఖరీఫ్‌లో వేసే అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ అంతకాలం ఆగదు.

కాలానిదే తప్పు అనేవారూ తక్కువ తినలేదు. రబీ పాయ ఏప్రిల్, మే ఎండల్లో తవ్వుతారు కాబట్టి మెడ తనంతట తానే ఎండి మూసుకుంటుంది. కర్నూలు ఖరీఫ్ పంట చేతికొచ్చేది వానల్లో. పచ్చి మెడతోనే బస్తాకెక్కుతుంది. నాసిక్ వైపు ఖరీఫ్ ఎర్ర ఉల్లి కూడా నిలవకు పనికిరాదు. కనుక మచ్చ జిల్లాది కాదు.

పోనీ విత్తనం మార్చమందామా? రబీ రకాన్ని ఖరీఫ్‌లో వేస్తే గడ్డ సరిగా ఊరదు. ఆరబెట్టి తెమ్మందామా? ముసురులో రైతు ఎక్కడ ఆరబెడతాడు? ఆరేలోగా రేటు పడిపోతే ఎవరు భరిస్తారు? కొట్లో కూర్చుని చెప్పడానికి రెండు సలహాలూ తేలికే.

నా లెక్కలో రకం ఇచ్చేది గడువు మాత్రమే. తడి ఆ గడువును మింగేస్తుంది. కొల్లేటి ఊళ్ళలో శ్రావణమాసపు చెమ్మగాలికి, గచ్చు మీద పడేసిన మహారాష్ట్ర బస్తా కూడా అడుగు నుంచి కుళ్ళుతుంది. ఏలూరులో ఈ వారం కూరకు రెండు కిలోలు కొనుక్కునే ఇంటికి కర్నూలు పాయతో ఏ లోటూ లేదు. నెలల తరబడి దాచేవాడికే రకం ముఖ్యం.

అందుకే ఊరి పేరు చూసి ధర కట్టే అలవాటు నాకు సగం న్యాయంగానే తోస్తుంది. రెండెండలు దొరికిన పుణ్యాన మెడ ఆరబెట్టి తెచ్చిన కర్నూలు రైతుకూ, తడి సరుకు తెచ్చినవాడికీ ఒకే రేటు పలికితే, వచ్చే ఏడు ఆరబెట్టే ఓపిక ఎవరికుంటుంది? బేరానికి ముందు లారీ నంబరు కాదు, పాయ మెడ చూడాలి.