ఆపస్తంబుడు బెత్తము పట్టుమనెనా?

“ఈ కాలపు పిల్లలకు శ్రద్ధ లేదు” అను మాట వేదపాఠశాలలలోను, లౌకిక పాఠశాలలలోను ఒకే తీరున వినవచ్చుచున్నది. చెప్పువారు సామాన్యముగా అధ్యాపకులే. ఎనిమిదేండ్ల బాలుడు శ్రద్ధను మూటగట్టుకొని తల్లి ఒడినుండి రాడు. అది గురుసన్నిధిలో పుట్టవలసినది. పుట్టకున్నచో మొదట పరీక్షించుకొనవలసినది మనలను మనమే.

ధనధాన్యసమృద్ధికై మనము నేడును ఆవహంతీ హోమము చేయించుచున్నాము. ఆ మంత్రములు తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలోనివి. అందు వస్త్రములు, గోవులు, అన్నపానములు కోరిన పిదప ఆచార్యుడు కోరునది బ్రహ్మచారులను. నీరు పల్లమునకు పారునట్లు, మాసములు సంవత్సరములో చేరునట్లు వారు తనకడకు రావలెనట! ఆహుతులు వేసి శిష్యుని కోరుకొన్న గురువు, ఆ శిష్యుడు వచ్చిన మరునాడే విసుగుకొనగలడా? దక్షిణ పుచ్చుకొని ఈ హోమము చేయించు మాలో ఎందరు యజమానికి ఈ భాగము వివరించుచున్నారో సందేహమే.

అదే ఉపనిషత్తున భృగువల్లి కలదు. భృగువు తండ్రియైన వరుణుని సమీపించి బ్రహ్మమును తెలుపుమనెను. వరుణుడు లక్షణము మాత్రము చెప్పి తపస్సునకు పంపెను. అన్నమే బ్రహ్మమని నిశ్చయించిన కుమారుడు అంతటితో తృప్తి చెందక మరల వచ్చెను. తండ్రి తప్పనలేదు, ఒప్పనలేదు. మరల తపస్సు చేయుమనెను. ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి భృగువు ఆనందమును తానే కనుగొనెను. మొదటి దినముననే వరుణుడు ఆ చివరి మాట చెప్పివేసినచో కుమారునికి ఒక వాక్యము కంఠస్థమై యుండెడిది, అంతే. సమాధానము తెలిసియు మౌనము వహించుట బోధకునికి మిక్కిలి కష్టమైన విద్య. నేటి తరగతిగదిలో ప్రశ్న వేసి, మూడు క్షణములైనను ఆగక, జవాబు మనమే చెప్పివేయుచున్నాము.

“అది బ్రహ్మవిద్య. పన్నములు వల్లించు పసివారికి ఎట్లు పొసగును?” అని అడుగవచ్చును. పొసగును. మన తైత్తిరీయశాఖలో సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, వెరసి 82 పన్నములు. గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమారులు చెప్పు సంథతో ఇదంతయు నోటికి రావలెను. ఏండ్ల తరబడి అర్థమెరుగని శబ్దమును మోయు బాలునికి విసుగు పుట్టుట దోషము కాదు. అట్టి అధ్యేతను యాస్కుడే నిరుక్తమున బరువు మోయు స్తంభముతో పోల్చెను.

అందువలన సంథ ముగిసిన పిదప పావుగంట అర్థమునకు కేటాయించుచున్నాను. నమకము నాల్గవ అనువాకము వచ్చిననాడు, అందు వడ్రంగికి, కుమ్మరికి, కమ్మరికి, వేటకానికి కూడ నమస్కారమున్నదని చెప్పినంతనే పిల్లల ముఖములు మారును. “ఇంకెవరున్నారు గురువుగారూ?” అని అడుగుదురు. దొంగలు కూడ ఉన్నారు, మూడవ అనువాకములో వెదకి రండని చెప్పుదును. చమకము నాల్గవ అనువాకము నాడు వంటశాలకు పంపుదును. వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు అని అందు వరుసగా ఉన్నవి గదా! వానిలో ఎన్ని మన డబ్బాలలో ఉన్నవో చూచి రావలెను. వంటవానికి ఇది కొంత చికాకే. కాని ఆ అనువాకమును మరచిన పిల్లవానిని నేను చూడలేదు.

అర్థము చెప్పినచో స్వరము చెడునని కొందరు పెద్దల భయము. అది నిర్హేతుకము కాదు, స్వరరక్షణయే ప్రథమకర్తవ్యము. సంథ నడుచువేళ అర్థము చెప్పుమని నేను అనుట లేదు.

నెలనెలా ఇచ్చు భృతిని, పరీక్షానంతర సంభావనను నేను తక్కువ చేయను. పేదగృహములకు అది అన్నము. అయితే భృతి బాలుని పాఠశాల వరకు తెచ్చునే గాని, పాఠములో కూర్చుండబెట్టలేదు.

ఇక బెత్తము. “మా గురువు కొట్టెను గనుకనే మాకు వచ్చినది, అదియే సంప్రదాయము” అనువారు నేటికిని ఉన్నారు. ఏ సంప్రదాయము? తెలుగునాట యజుర్వేదులలో అత్యధికులది ఆపస్తంబసూత్రము. శిష్యుని పుత్రునివలె ఆదరింపుమని, ఏమియు దాచక సావధానముగా బోధింపుమని, ఆపదలో తప్ప చదువునకు విఘ్నమగునట్లు సొంత పనులకు వాడుకొనవలదని ఆయన ధర్మసూత్రము. బోధనను ఎగవేయు ఆచార్యుడు ఆచార్యుడే కాడనెను. అపరాధమునకు ఆయన చెప్పిన దండనములు నాలుగు: బెదరించుట, ఉపవాసము, స్నానము, అదర్శనము, అనగా గురువు కంటబడకుండ పంపివేయుట. కొట్టుట ఆ వరుసలో లేదు. పసివారికి ఉపవాసదండనమును నేను అంగీకరింపను, అది వేరు మాట. కొట్టకయే శాసింపుమన్న గౌతముడు, గత్యంతరము లేనిచో సన్నని త్రాటికి, చీల్చిన వెదురునకు అనుమతించెను. దానిని మీరిన గురువును రాజు దండింపవలెననియు చెప్పెను. మనువును ఇట్టి సడలింపునే ఇచ్చెను, దాచుట ఎందుకు?

2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరకదండనమును నిషేధించినది. 2012 సవరణ వేదపాఠశాలలను ఆ చట్టపరిధినుండి తప్పించినది. ఆ మినహాయింపును బెత్తమునకు అనుమతిపత్రముగా చదువువారు ముందుగా తమ సూత్రకారుని చదువవలెను.

ఆ నాలుగింటిలో చివరిదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేయుచున్నది. గురువు కంటబడకుండుట శిక్ష కావలెనన్నచో, గురువు ఎదుట కూర్చుండుట ఆ బాలునికి ఇష్టమై యుండవలెను గదా! మన పాఠశాలలో ఒక పిల్లవానితో “ఈ పూట నీవు పాఠమునకు రావద్దు” అన్నచో, వాడు గుమ్మము కడ నిలిచి కంట తడి పెట్టునా, లేక ఆటస్థలమునకు పరుగెత్తునా?