ఫిగో చూసిన రెండు ఎన్నికలు

క్రీడల్లో రాజకీయాలకు తావుండరాదని ఉపన్యసించేవారిలో చాలామంది క్రీడా సంఘాల గద్దెలపై కూర్చున్నవారే. ఆ మాటలోని డొల్లతనం తెలియాలంటే పోర్చుగల్ వింగర్ లూయిస్ ఫిగో జీవితాన్ని చూడాలి. మైదానం అంచు వెంబడి డిఫెండర్లను బోల్తా కొట్టిస్తూ గోల్ ముందుకు బంతి అందించడంలో ఆయన తరంలో ఆయనకు సాటి రాగలవారు కొద్దిమందే. 1991లో లిస్బన్‌లో ప్రపంచ యువ ఛాంపియన్‌షిప్ గెలిచిన పోర్చుగల్ ‘స్వర్ణ తరం’లో ఆయన ఒకరు. దేశం తరఫున 127 మ్యాచ్‌లు ఆడారు. అయినా ఆయన పేరు వినగానే ప్రపంచానికి గుర్తొచ్చేది ఆట కన్నా ముందు ఒక ఎన్నిక. ఆ ఎన్నికలో ఆయన అభ్యర్థి కాదు, హామీ.

రియల్ మాడ్రిడ్‌కు యజమానులు సభ్యులే. అధ్యక్షుణ్ని వారే ఓటు వేసి ఎన్నుకుంటారు. 2000 జులైలో పదవిలో ఉన్న లోరెంజో సాంజ్ హయాంలో ఆ క్లబ్ రెండుసార్లు ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అంతటి ఘనత ఉన్నవారిని ఓడించాలంటే మామూలు వాగ్దానాలు చాలవని నిర్మాణరంగ వ్యాపారి ఫ్లోరెంటినో పెరెజ్ గ్రహించారు. బద్ధశత్రువు బార్సిలోనా నుంచి ఫిగోను తెస్తానని, తేలేకపోతే సభ్యుల రుసుము తానే చెల్లిస్తానని ప్రకటించారు. ఫిగో ఏజెంటుతో ఒప్పందం ముందే కుదుర్చుకున్నారు. బార్సిలోనాలోనే కొనసాగుతానని ఫిగో అభిమానులకు పత్రికాముఖంగా భరోసా ఇచ్చారు. పెరెజ్ గెలిచారు. ఒప్పందంలో రాసి ఉన్న నిష్క్రమణ మొత్తం, దాదాపు 6 కోట్ల యూరోలు, చెల్లించాక ఫిగోను ఆపే దారి బార్సిలోనాకు లేకపోయింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

ఆనాటి నుంచి బార్సిలోనాలో ఫిగో పేరు ‘ద్రోహి’. 2002 నవంబర్‌లో అక్కడ కార్నర్ కిక్ కోసం వెళ్లిన ఆయనపై సీసాలు, చివరకు పంది తల కూడా వచ్చి పడ్డాయి. మ్యాచ్‌ను కాసేపు నిలిపివేయాల్సి వచ్చింది. ఇచ్చిన మాట తప్పారన్నది నిజమే. కానీ ఆ పాపం ఒక్కరిది కాదు. 22 ఏళ్లు ఏలిన జోసెప్ లూయిస్ నూన్యెజ్ తప్పుకోవడంతో బార్సిలోనా కూడా అప్పుడు ఎన్నికల సందడిలోనే మునిగి ఉంది. తిలాపాపం తలా పిడికెడు. రాళ్లు మాత్రం కంటికి కనిపించినవాడి మీద. మన దేశంలో ఫిరాయించిన శాసనసభ్యుణ్ని తిట్టి, బేరం కుదిర్చిన నాయకుణ్ని చాణక్యుడని పొగిడే అలవాటు ఇలాంటిదే.

రెండో ఎన్నిక 2015లో. ఈసారి ఫిగో స్వయంగా ఫిఫా అధ్యక్ష పదవికి అభ్యర్థి. ఓటర్లు అభిమానులు కారు, ఆటగాళ్లూ కారు. 209 దేశాల సంఘాలు. ఆదాయంలో సగం ఆ సంఘాలకే పంచుతానని ఫిగో కూడా ఎర వేయక తప్పలేదు. 1998 నుంచి పాతుకుపోయిన సెప్ బ్లాటర్ ముందు అదీ పనిచేయలేదు. ఇది ఎన్నిక కాదు, ఒక మనిషికి సర్వాధికారం కట్టబెట్టే తంతు అంటూ మే 21న ఆయన తప్పుకున్నారు. 27న జ్యూరిక్‌లో ఫిఫా పెద్దలు అవినీతి కేసులో అరెస్టయ్యారు. 29న బ్లాటర్ మళ్లీ గెలిచారు, తొలి రౌండులో 133–73 ఓట్ల ఆధిక్యంతో. నాలుగు రోజులకే పదవి వదులుకుంటానని ప్రకటించారు.

ఇది ఎక్కడో యూరప్ ముచ్చట కాదు. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికల్లో మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియాకు దక్కినది ఒకే ఒక్క ఓటు. ఆయన పేరును ప్రతిపాదించినది ఆంధ్రప్రదేశ్ సంఘం ప్రతినిధి. 33 ఓట్లతో గెలిచిన కల్యాణ్ చౌబే కూడా మాజీ ఆటగాడే, పైగా బీజేపీ నాయకుడు. కాబట్టి సమస్య ఆటగాడా, రాజకీయ నాయకుడా అన్నది కాదు. ఓటరు జాబితాలో ఎవరున్నారన్నదే.

మాడ్రిడ్ సభ్యులు ఒక ఆకర్షణీయమైన హామీకి లొంగి ఉండవచ్చు. అయినా టికెట్ కొని ఆట చూసేవారే అక్కడ ఓటర్లు. హామీ నెరవేరిందో లేదో గ్యాలరీ నుంచి కళ్లారా చూడగలరు. మూడేళ్లు పెద్ద ట్రోఫీ రాకపోయేసరికి 2006లో పెరెజ్ రాజీనామా చేశారు. ఫిఫాలో గానీ, మన సమాఖ్యలో గానీ గ్యాలరీకి ఓటు లేదు. అక్కడ ఎంత గొప్ప వింగరైనా గీత బయటే నిలబడి ఆట చూడాలి.