పాప నిద్రే టైమ్‌టేబుల్

నీలిరంగు సరస్సు, దాని వెనక మంచుకొండ, మధ్యలో ఖాళీ రోడ్డు. పెళ్లయిన కొత్తలో పత్రికలో చూసి కత్తిరించి దాచుకున్న ఫొటో అది. ఎప్పటికైనా న్యూజిలాండ్‌ వెళ్లాలి, కారు మనమే నడుపుకోవాలి అనుకున్నారిద్దరూ. ఆ ఏడు కాదు ఈ ఏడు కాదంటూ వాయిదా పడింది. ఈలోగా పాప పుట్టింది. ఇప్పుడు దానికి పది నెలలు. ‘ఇంకేం వెళ్తాంలే’ అని ఆయన. ‘వెళ్తే ఏమవుతుంది’ అని ఆమె. ‘పసిపిల్లని పట్టుకుని అంత దూరమా! అక్కడ జ్వరమొస్తే?’ అని అమ్మమ్మ.

ఇలాంటి సంభాషణ చాలా ఇళ్లలో వినిపిస్తున్నదే. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. చంటిబిడ్డతో విదేశాల్లో కారు ప్రయాణం చేయొచ్చు, హాయిగానే చేయొచ్చు. కాకపోతే పాప పుట్టకముందు వేసుకున్న ప్లాన్‌తో మాత్రం బయల్దేరకూడదు. పాత ప్లాన్‌లోనే పాపను కూర్చోబెట్టబోతేనే ప్రయాణం రోజూ ఏడుపుతో మొదలై గొడవతో ముగుస్తుంది.

ఎందుకీ దేశం?

తొలిసారి బిడ్డతో వెళ్లేవాళ్లకు న్యూజిలాండ్‌లోని దక్షిణ దీవి బాగా నప్పుతుంది. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. స్టీరింగు కుడివైపే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉన్న మన డ్రైవింగ్‌ లైసెన్సుతోనే పర్యటకులు కారు నడపొచ్చు. జనం తక్కువ, రోడ్లు ఖాళీ. కారు ఆపకుండానే కిటికీలోంచి కొండలూ సరస్సులూ కనిపిస్తూనే ఉంటాయి. పాప వెనక నిద్రపోతుంటే ముందు కూర్చున్నవాళ్లకు చూడ్డానికి ఇంతకంటే ఏం కావాలి!

వాతావరణం మనకు తలకిందులు. మన ఎండాకాలం సెలవులకు అక్కడ చలి మొదలవుతుంది. జూన్‌, జులైలలో కనుమ దారుల్లో మంచు పడుతుంది, చక్రాలకు గొలుసులు కట్టుకోవాల్సి రావచ్చు. బడికెళ్లే పిల్లలు లేరు కాబట్టి సెలవులతో పని లేదు. మార్చి నెల మేలు. ఎండ తీవ్రత తగ్గుతుంది, రద్దీ పలచబడుతుంది, చలి ఇంకా ముదరదు.

సగం కొట్టేయాలి

దక్షిణ దీవికి వెళ్లేవాళ్లు సాధారణంగా రాసుకునే జాబితా చాంతాడంత ఉంటుంది. అందులో తప్పనిసరిగా కనిపించే పేరు మిల్ఫర్డ్‌ సౌండ్‌. క్వీన్స్‌టౌన్‌ నుంచి ఒకవైపే దాదాపు 290 కిలోమీటర్లు, నాలుగు గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం అంటే పాపను ఎనిమిది గంటలపాటు సీటుకి కట్టేయడమే. ఎంత అందమైన చోటైనా సరే, ముందు దాన్ని కొట్టేయాలి. ఇలా జాబితాలో సగం పోయాక మిగిలేదే అసలు ప్లాన్‌.

లెక్క తేలిక. పాప పొద్దున ఎన్నింటికి నిద్రపోతుంది, ఎంతసేపు పోతుంది? ఆ సమయమే ప్రయాణ సమయం. చాలామంది పది నెలల పిల్లలు పగలు రెండుసార్లు పడుకుంటారు. అందులో ఒక నిద్ర కారులో, రెండోది గదిలో మంచం మీద. రెండు గంటలకోసారి తప్పకుండా ఆపి, పాపను సీటులోంచి తీసి నేలమీద పాకనివ్వాలి. మ్యాపు మూడు గంటలని చూపిస్తే నాలుగున్నర అని రాసుకోవాలి. ఒక్కో ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. రోజూ పెట్టె సర్దడం కంటే పెద్ద అలసట లేదు.

పన్నెండు రోజులు, 550 కిలోమీటర్లు

ఈ లెక్కన వేసిన ప్రయాణం ఇలా ఉంటుంది.

క్రైస్ట్‌చర్చ్‌లో రెండు రాత్రులు. హైదరాబాద్‌ నుంచి సింగపూర్‌ మీదుగా ఇక్కడికి చేరొచ్చు. మార్చిలో మన గడియారం కంటే అక్కడ ఏడున్నర గంటలు ముందుంటుంది. ఆ తేడాకి పాప అర్ధరాత్రి లేచి ఆడుకుంటుంది. విమానంలో నిద్రలేనివాళ్లు దిగగానే కారెక్కడం ప్రమాదం. అందుకే కారు మూడో రోజు తీసుకుంటే చాలు. ఆ రెండు రోజులూ బొటానిక్‌ గార్డెన్స్‌లో, ఏవన్‌ నది గట్టున బండి తోసుకుంటూ తిరగొచ్చు.

మూడో రోజు టెకాపో సరస్సుకు. దూరం 226 కిలోమీటర్లు, మొత్తం ప్రయాణంలో ఇదే పెద్దది. దాదాపు 135 కిలోమీటర్ల దగ్గర గెరాల్డిన్‌ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఓ గంటన్నర ఆగాలి. టెకాపో నీళ్ల రంగు చూసి ఫొటోల్లో ఏదో మాయ చేశారనుకునేవాళ్లున్నారు. మాయేం లేదు. హిమనీనదాలు కదులుతూ కొండరాళ్లను పిండిలా రాపిడి చేస్తాయి. ఆ మెత్తటి పొడి నీళ్లలో తేలుతూ ఎండకి ఆ రంగు తెస్తుంది. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది. ఈ ప్రాంతం 2012 నుంచి అంతర్జాతీయ ‘డార్క్‌ స్కై రిజర్వ్‌’. దీపాల వెలుతురు పైకి పోకుండా అదుపు చేస్తారు కాబట్టి ఆకాశం నిండా చుక్కలే. రాత్రి పాలకు లేచిన పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడినా చాలు, టికెట్టు కొననక్కర్లేదు.

అయిదో రోజు ట్వైజెల్‌. టెకాపో నుంచి 58 కిలోమీటర్లే. ఇక్కడా రెండు రాత్రులు. మధ్యలో ఓ పొద్దున మౌంట్‌ కుక్‌ గ్రామానికి వెళ్లిరావచ్చు. వెళ్లడానికి గంటలోపే పడుతుంది. పుకాకి సరస్సు పక్కనే సాగే ఈ దారిలో 3,724 మీటర్ల అవొరాకి శిఖరం ఎదురుగా పెరుగుతూ వస్తుంది. ఎవరెస్టు ఎక్కక ముందు, 1948లో హిల్లరీ ఎక్కిన కొండ ఇది. చంటిపాపతో నడక దారులు పట్టక్కర్లేదు, దారే ఇక్కడ చూడదగ్గది.

ఏడో రోజు లిండిస్‌ కనుమ మీదుగా వానకాకు, సుమారు 140 కిలోమీటర్లు. కనుమ ఎత్తు 971 మీటర్లు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు దిబ్బడేసి పాప ఏడవొచ్చు. ఓ చోట ఆపి పాలు పడితే సర్దుకుంటుంది.

తొమ్మిదో రోజు క్వీన్స్‌టౌన్‌. ఇక్కడికి రెండు దారులు. క్రౌన్‌ రేంజ్‌ మీదుగా అయితే దగ్గర. కానీ వెయ్యి మీటర్లు దాటి ఎక్కే మెలికల రోడ్డు, పాలు తాగిన పాపకు వాంతి ఖాయం. క్రామ్‌వెల్‌ మీదుగా అయితే అరగంట ఎక్కువ, ప్రయాణం నెమ్మది. అదే నయం. ఇక్కడ మూడు రాత్రులు. నలభై అయిదు నిమిషాల దూరంలో గ్లెనార్కి ఉంది. వకటిపు సరస్సు అంచునే సాగే ఆ రోడ్డు సరిగ్గా ఒక నిద్రంత పొడవు! పన్నెండో రోజు కారు అక్కడే అప్పజెప్పి విమానమెక్కేయొచ్చు. వేరే ఊళ్లో కారు ఇస్తే కొంత ఎక్కువ తీసుకుంటారు, కానీ ఆరు గంటలు వెనక్కి నడిపే బాధ తప్పుతుంది.

ఊరి నుంచి ఊరికి లెక్కేస్తే దాదాపు 550 కిలోమీటర్లు. హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లిరావడమంత. మనవాళ్లు ఒక్కరోజులో చుట్టేసే దూరానికి పన్నెండు రోజులు. విన్నవాళ్లు నవ్వినా పర్లేదు.

ఒడి కాదు, సీటే

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర పసిబిడ్డ ప్రయాణమంటే అమ్మ ఒళ్లోనే. ఎంత గట్టిగా పట్టుకున్నా, కారు గుద్దుకున్నప్పుడు ఆ ఊపుకి ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. న్యూజిలాండ్‌లో ఏడేళ్లలోపు పిల్లల్ని ఆమోదించిన చైల్డ్‌ సీటులో కూర్చోబెట్టడం చట్టం. కనీసం రెండేళ్లు వచ్చేదాకా ఆ సీటు వెనక్కి తిరిగి ఉండాలని అక్కడి నిపుణుల సలహా. మన దేశంలోనూ 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్‌ సీటు గానీ ఉండాలంటోంది. పాటించేవాళ్లు తక్కువ, అంతే.

పాప వయసు, బరువు చెప్పి కారుతోపాటే సీటునీ అద్దెకు తీసుకోవాలి. ఇంటిలాంటి క్యాంపర్‌ వ్యాన్‌ ముచ్చటగా ఉంటుంది గానీ అన్నింట్లోనూ చంటిపిల్లల సీటు బిగించే వీలుండదు. ముందే అడగాలి. బయల్దేరడానికి నెలముందే ఇక్కడ చైల్డ్‌ సీటులో రోజూ కాసేపు కూర్చోబెడితే అక్కడ కొత్త చేయదు. చలికి లావు స్వెటర్‌ తొడిగి బెల్టు పెడితే అది వదులుగా ఉండిపోతుంది. బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పాలి. ఏడ్చిందని కదిలే కారులో తీసి పాలివ్వడం మాత్రం అస్సలు కూడదు. అయిదు నిమిషాలు ఆలస్యమైనా కారు ఆపాల్సిందే. గది చేరాక సీటులోనే నిద్రపోనివ్వకుండా మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

నడిపేవాళ్లకూ ఒక జాగ్రత్త. ఆ దారుల్లో ఒకే కారు పట్టే వంతెనలుంటాయి. గుండ్రటి బోర్డు మీద మీ వైపు బాణం ఎర్రగా, చిన్నదిగా కనిపిస్తే ఎదుటివాళ్లకు దారివ్వాలి.

ఉగ్గు సంగతి

అమ్మమ్మ డబ్బాలో పోసిచ్చే ఉగ్గుపొడి, చిన్న సీసాలో నెయ్యి... వీటి దగ్గర ఆగాలి. ఆహార పదార్థాల విషయంలో న్యూజిలాండ్‌ విమానాశ్రయాల్లో చాలా కచ్చితంగా ఉంటారు. తెచ్చినది చెప్పకపోతే 400 న్యూజిలాండ్‌ డాలర్ల జరిమానా వేయొచ్చు. విమానంలో ఇచ్చిన ఆపిల్‌ సంచిలో మర్చిపోయినా అంతే. ఏది తీసుకెళ్లినా డిక్లరేషన్‌లో రాసేయాలి. పైన వివరాలున్న కంపెనీ ప్యాకెట్లయితే పని సులువు. తేనె అసలు పెట్టుకోవద్దు, అక్కడికి తీసుకెళ్లనివ్వరు. పైగా ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదని మన డాక్టర్లూ చెబుతున్నారు. బియ్యం, పప్పు, పెరుగు అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. చిన్న వంటగది ఉన్న మోటెల్‌ గదులు ఈ దారిలో చాలా ఉన్నాయి. గది అడిగేటప్పుడే వంటగది, పాపకు చిన్న మంచం కావాలని చెబితే సరి. వేడివేడిగా పప్పన్నం మెత్తగా కలిపి పెట్టొచ్చు, పెద్దవాళ్లకీ హోటల్‌ ఖర్చు తగ్గుతుంది.

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు

మరి జ్వరమొస్తే? బయల్దేరడానికి మూడు వారాల ముందే పిల్లల డాక్టర్‌కు చూపించి, టీకాలన్నీ పడ్డాయో లేదో సరిచూసుకోవాలి. పాప బరువును బట్టి జ్వరం మందు ఎంత వేయాలో కాగితం మీద రాయించుకోవాలి. ప్రమాదంలో దెబ్బలు తగిలితే పర్యటకుల చికిత్సకూ అక్కడి ప్రభుత్వ పథకం సాయపడుతుంది. కానీ మామూలు జబ్బులకు అది వర్తించదు. అందుకే పాప పేరు మీద కూడా ప్రయాణ బీమా ఉండాలి. పాపకు విడిగా పాస్‌పోర్టు, వీసా ఎలాగూ తప్పవు. అత్యవసరమైతే నొక్కాల్సిన నంబరు 111. అక్కడి ఎండ చల్లగా అనిపించినా చర్మానికి చేటు. పాపకు టోపీ, కారు కిటికీకి తెర ఉండాలి.

ఇన్ని చేశాకా ఓ రోజు పాప నిద్రపోదు. ఓ రోజు వాన వదలదు. ఆ రోజు ఎక్కడికీ వెళ్లకుండా గదిలో కూర్చోగలిగితే అది చెడిపోయిన రోజు కాదు. రెండో రాత్రి ఉంచుకున్నది అందుకే.

ఈ సరస్సులేవీ పాపకు గుర్తుండవు. ఏడాదిగా సరిగ్గా నిద్రపోని ఆ అమ్మానాన్నలకు మాత్రం గుర్తుంటాయి. వెనక సీట్లో బిడ్డ ఊపిరి వినిపిస్తుంటే, పక్కన నీలంగా నీళ్లు పరుచుకుని ఉంటే, ఇద్దరూ ఓ ముప్పావుగంట తీరిగ్గా మాట్లాడుకోగలగడం ఈమధ్య వాళ్లకు ఇంట్లో దొరకనిది. ఆ దాచుకున్న ఫొటో మళ్లీ బయటికి తీయొచ్చు. ఓ తెల్లకాగితం తీసుకుని ముందు పాప నిద్రవేళలు రాయాలి. ఊళ్ల పేర్లు ఆ తర్వాతే.