మొదటి డోసు పీహెచ్‌సీలోనే పడాలి

శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలోకి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒకసారి వంచి చూడాలి. మామూలు రక్తమైతే గడ్డకట్టి అడుగునే ఉండిపోతుంది. రక్తపింజర విషం ఎక్కిన రక్తం నీళ్లలా జారి గొట్టం మూతి దాకా వస్తుంది. గొట్టం ప్లాస్టిక్‌దైతే, లేదా సబ్బుతో కడిగినదైతే ఫలితాన్ని నమ్మలేం. పాము కాటుకు మన పల్లె ఆసుపత్రుల్లో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. కరెంటు లేకపోయినా చేయొచ్చు.

రక్తపింజరకు, తెలుగు నేలకు పాత సంబంధమే ఉంది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో వెలువరించిన పాముల గ్రంథంలో దీన్ని మనవాళ్ల పేరుతోనే 'కటుక రేకుల పొడ' అని రాశాడు. తర్వాత లోకం ఆ పాముకు ఆయన పేరే పెట్టింది.

విషం రక్తాన్ని పలచన చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ముందు చేసే పని గడ్డకట్టించడం. రక్తాన్ని గడ్డకట్టించే కారకాల్లో ఐదోదాన్ని, పదోదాన్ని ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒంట్లో ఉన్న గడ్డకట్టే సరుకంతా అక్కరలేని చోట ఖర్చయిపోతుంది. ఆ తర్వాత చిగుళ్లలో, మూత్రంలో, సూది గుచ్చిన చోట రక్తం ఆగదు. విషానికున్న ఈ గడ్డకట్టించే గుణాన్నే 1930లలో మాక్‌ఫార్లేన్ అనే ఇంగ్లండు వైద్యుడు హీమోఫిలియా రోగుల గాయాలకు మందుగా వాడి చూపాడు.

కారే రక్తం కంటికి కనిపిస్తుంది, షాక్ కనిపించదు. విషం సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తే లోపలి ద్రవం బయటికి ఊరిపోతుంది. బీపీ పడిపోతుంది, చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. చివరికి మూత్రపిండాలు దెబ్బతిని, బతికి బయటపడ్డ కూలీ కూడా డయాలసిస్ మంచం ఎక్కాల్సి వస్తుంది. కారకాలు అరిగిపోయాయి కదా అని ముందే ప్లాస్మా ఎక్కిస్తే, విషం దాన్నీ మింగేస్తుంది. విషానికి విరుగుడు ఏఎస్‌వీ ఒక్కటే. అది పడ్డాక కాలేయం కొత్త కారకాలు తయారుచేయడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. గొట్టం పరీక్ష ఆరు గంటలకోసారి మళ్లీ చేయమనేది అందుకే.

ఇంత తెలిసీ, చాలా పీహెచ్‌సీలలో రోగికి దొరికేది రిఫరల్ చీటీ. డాక్టర్ల భయాన్ని నేను తీసిపారేయను. ఏఎస్‌వీ గుర్రపు సీరం నుంచి వచ్చిన మందు. కొందరికి అది పడక, దానివల్లే షాక్ రావచ్చు. ఒంటరిగా డ్యూటీలో ఉన్న యువ డాక్టరుకు, వార్డు బయట వందమంది బంధువులు నిలబడి ఉంటే, చేయి వణకడం సహజం. కానీ ఆ షాక్‌కు విరుగుడు అడ్రినలిన్. తొడ కండరంలోకి అర మిల్లీగ్రాము, పెద్దవాళ్లకు. సిరంజిలో నింపి పక్కన పెట్టుకుని ఏఎస్‌వీ మొదలుపెట్టడం నేర్పగల పనే. నేర్పకుండా డాక్టర్‌ను తప్పుపట్టడం అన్యాయం.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ చావులు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాటును తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలను కోరింది. నమోదు మంచిదే. అయితే పొలం గట్టు మీద పడిపోయిన మనిషికి నమోదు కంటే ముందు మందు కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరేదొక్కటే. నాట్లు మొదలయ్యేలోపు ప్రతి పీహెచ్‌సీలో గాజు గొట్టాలు, ఏఎస్‌వీ, అడ్రినలిన్ ఉండాలి. విషం ఎక్కిన లక్షణాలు తేలిన రోగికి మొదటి పది వయల్స్ మొదలుపెట్టాకే 108 కదలాలి.