కోళ్ళ దాణాలో మందు

వికారాబాదు చెంత అనంతగిరి కొండపై పూర్వము క్షయరోగులకై ఒక ఆసుపత్రి వెలసినది. అడవిగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవియే ఆ కాలమున క్షయకు ముఖ్యమైన చికిత్సలు. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అను మందును కనుగొనిరి. లోకము సంతసించినది. కాని 1948 నాటికే బ్రిటిష్ వైద్యులు ఆ మందు ఒక్కటే పుచ్చుకొన్న రోగులలో పెక్కుమందికి దానికి లొంగని క్రిములు పుట్టుటను గమనించిరి.

ఈ మొండితనము ఎట్లు వచ్చును? కోట్ల క్రిములలో ఏ ఒకటి రెండింటికో మందును తట్టుకొను జన్యువు ఉండును. తక్కినవి చావగా అవి బ్రతికి పెరుగును. అంతటితో ఆగినను బాగుండెడిది! 1959లో జపాను శాస్త్రజ్ఞులు మరియొక వింతను బయటపెట్టిరి. మన ప్రేగులలో సాధువుగా నుండు క్రిమి, రక్తవిరేచనములు కలిగించు క్రిమిని తాకి, తన మొండి జన్యువును దానికి అందించగలదు. పరీక్షలో ప్రక్కవానికి జవాబు చూపించు విద్యార్థిని మీరెరుగుదురు గదా! చూపించినంత మాత్రమున వాని జవాబు తరిగిపోదు. ఇదియు నట్టిదే.

ఇక కోళ్ళ సంగతి. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో కోళ్ళఫారములు కలవు. మన దేశమున పెక్కుచోట్ల జబ్బు లేని కోళ్ళకును, త్వరగా బలియవలెనని, దాణాలో యాంటీబయోటిక్కులు కలుపు అలవాటు ఏర్పడినది. ఇది తప్పని నా అభిప్రాయము. 1976లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, టెట్రాసైక్లిన్ కలిపిన దాణా తిన్న కోళ్ళ ప్రేగులలో వారము దినములలోనే మొండి క్రిములు పెరిగెను. కొన్ని నెలలకు ఆ మందు ముట్టని ఇంటివారిలోను అవి కనబడెను. కోళ్ళపెంట మంచి ఎరువు; చేలకు పోవును. వానకు కొట్టుకొనిపోయి ఇటు అనంతగిరిలో పుట్టిన మూసీలోను, అటు తాండూరు ప్రక్కనున్న కాగ్నాలోను కలియవచ్చును.

వేరు మందులు పనిచేయనప్పుడు వైద్యులు చివరకు వాడు మందులలో కొలిస్టిన్ ఒకటి. దానిని ఓడించు జన్యువు ఒక క్రిమినుండి మరియొకదానికి పాకుచున్నదని 2015లో చైనాలో తెలిసినది; పందులలోను, మాంసములోను, రోగులలోను అది కనబడినది. 2019 జూలైలో భారత ప్రభుత్వము ఆహారమునకై పెంచు జంతువులకు కొలిస్టిన్ వాడరాదని నిషేధించినది. మంచి పనియే. కాని ఒక్క మందును ఆపిన చాలునా?

"పిల్లలు చచ్చిన నా అప్పు ఎవరు తీర్తురు?" అని రైతు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. జబ్బుపడిన కోడికి పశువైద్యుని మాటపై మందు ఈయవలసినదే; ఎవరును కాదనరు. డెన్మార్కులో 1990 దశకమున పెరుగుదల కొరకు మందు కలుపుట మానిరి. కోళ్ళ పెంపకమునకు చెప్పుకోదగిన నష్టము కలుగలేదు. టీకాలు, శుభ్రమైన నీరు, పొడిగా నుండు నేల, గాలి ఆడు షెడ్డు, వీనికి మొదట ఖర్చగుట నిజమే. కావున చీటీ అడుగకుండ సంచులకొలది మందు అమ్ము దుకాణదారునే ముందుగా నిలదీయవలెను. రైతును ఆ పిమ్మట.